అమానతు

ఆబిడ్స్‌ల మెట్లెక్కి పోవాలె ఆ దుకాణానికి.
కింద కళ్లద్దాలు, పైన తుపాకులు.
"కింద సక్కగ జూసుకోని పైకి రావాలెనమ్మా" అని
ముంతజిర్ సాబ్ తన హాస్యానికి తనే దగ్గిండు.

లైసెన్సుకు మూడేండ్లు పట్టింది.
ఎంక్వైరీకొచ్చిన కానిస్టేబులు
మా బంకుల రెండొందల పెట్రోలు పోయించుకోని
"ఆడమనిషివి, నీకెందుకమ్మా ఇది" అన్నడు.
నాగోల్ నుంచి బ్యాంకు దాక
సంచిల ఎంత మోస్తనో చెప్పలె.
మల్లికార్జున్‌ను పిలిచి అంగీ చెయ్యి పైకి మడవమన్న.
పదకొండు కుట్లు. లెక్కబెట్టుకోని పోయిండు.

అద్దం కింద ఎర్ర మఖమల్ గుడ్డ.
నాలుగు పండుకోని ఉన్నయి.
ఒకటి తళతళ, పెండ్లిల పెట్టిన స్టీలు చెంబు లెక్క.
"అది జూపిచ్చుకునెటోళ్లది."
ఒకటి సీమ సరుకు, తాతల కాలందట,
ధర జూస్తె ఫ్లాటుకు అడ్వాన్సు.
"పేరుకు పైసలు. దీని స్ప్రింగు ఇరిగితె
నేను యాడికెళ్లి తేవాలె?"
మూడోది ఎవరో వాడిందే, శానా సవుక.
దాని గురించి ఏం చెప్పలె.
వేలితోని పక్కకు జరిపిండు, అంతే.

నాలుగోది కాన్పూరుది.
నల్లగ, మొద్దుగ, గవర్నమెంటాఫీసు కుర్చీ తీరు.
ఖాళీదో కాదో రెండుసార్లు జూసి
"గుంజు" అన్నడు.
గుంజిన. రాలె.
ఇరవై ఏండ్ల సంది నాజిలు పట్టిన చెయ్యి,
సిగ్గయింది.
"బలం బెట్టకు. ఎడమచేత్తోని పట్టుకో,
కుడిచెయ్యిని ముందుకు నూకు. బిగుసుకపోయిన సొరుగు తియ్యవా ఇంట్ల?"
టక్.
ఆ చప్పుడు మోచేతి దాక పాకింది.

"నమ్మకమైందేనా సాబ్?"
అద్దం మీద నా వేలిముద్రలు తుడుసుకుంట అన్నడు:
"నువ్వు వద్దనుకున్న పొద్దు పేలకుంటె చాలు, అదే నమ్మకం.
నా దగ్గర కొన్నోళ్లు శానమంది
నూనె పెట్టెతందుకే బయటికి తీసిన్రు.
మిగిలినోళ్ల ముచ్చట నేను మాట్లాడ."

ధర తగ్గదు, గవర్నమెంటు రేటు.
తోలు పౌచన్న ఇయ్యమన్న.
ఛాయ్ దెప్పిచ్చిండు.

పన్నెండు రోజులు ఇంట్ల ఉన్నది.
బీరువల అది, వేరె అరల గుండ్లు.
ఒక తాళంచెవి నడుముకు, ఒకటి బియ్యం డబ్బల.
రాత్రి లేచి జూసొచ్చేదాన్ని,
పొయ్యి మీద పాలు మర్సిపోయినట్టు.
మనుమడి నీళ్ల తుపాకిని సుత
అటక మీద దాచిన. ఎందుకో.
వాడు ఏడ్సి ఏడ్సి అడిగిండు, నా దగ్గర జవాబు లేదు.

పదమూడో పొద్దున ఎలక్షన్ కోడు.
ఆయుధాలన్ని ఠాణల అప్పజెప్పాల్నట.
రైటరు నంబరు రాసుకోని, బట్టల చుట్టి, లక్కముద్రేసి
ఎవరిదో పాత డబుల్ బ్యారెల్ పక్కకు పెట్టిండు.
దుకాణంల కంటె శాన చిన్నగ కనబడ్డది.
"రిజల్ట్స్ అయినంక వారానికి రాండ్రి. అందాక భద్రం."
భద్రమన్నది దానికో నాకో
అడుగుదామనుకున్న, వెనక లైను పెరుగుతున్నది.

ఆ సాయంత్రం ఉప్పల్ సిగ్నల్ కాడ ఆటో ఆగింది.
ఒడిల సంచి, దాని మీద టిఫిను డబ్బ,
ఫ్లయింగ్ స్క్వాడోళ్లు అడిగితె జూపిచ్చెటందుకు లెక్క కాయితాలు.
పక్కన బైకు మీద ఇద్దరు పిలగాండ్లు,
మొఖాలకు కర్చీఫులు. ఎండ సుత లేదు అప్పటికి.
ఒకడు సంచి దిక్కు జూసిండు.
టిఫిను డబ్బ దిక్కే జూసిండేమో.
నా చెయ్యి పర్సులకు పోయింది.
రసీదు దొరికింది.
దాన్నే పట్టుకున్న, బిగ్గర.

పచ్చలైటు పడ్డది. వాళ్లు ముందుగాల్నే పోయిన్రు.
బ్యాంకు కాడ దిగి పిడికిలి ఇప్పితె
కాయితం చెమటకు మెత్తబడి
అరచేతి గీతల్ల అతుక్కోని ఉన్నది.
నంబరు మటుకు చెరగలె.